వంకాయ రంగు

ఆ ఎండకాలం మా ఇంట్ల ఉన్నది ఒక్కటే కూలర్. అదిగూడ మనుషులకు కాదు, కంప్యూటర్‌కు. చంద్రపూర్ ఎండలు తెలిసినోళ్ళకు నేను వేరే చెప్పే పనిలేదు. మేం మనుషులం తడిబట్ట మెడకేసుకొని ఉడుకుతుంటే, ఆ డబ్బ ముందటి గదిల చల్లగ కూసునేది. "దాన్నే పెండ్లి చేసుకునేదుండె గదా, నన్నెందుకు తెచ్చుకున్నవ్?" అని మా ఆయనను అడిగిన. మా ఆయన నవ్వలే. "అది వేడెక్కితే నడిమిట్ల ఆగిపోతది. ఆగితే క్యాసెట్ మల్ల మొదటికెల్లి ఎక్కియ్యాలె" అన్నడు. అసొంటోడు. నవ్వించాలని పోతే లెక్క చెప్తడు.

మా ఆయన పేరు వినాయక్. చంద్రపూర్‌ల తుకుం వాడకట్టుల వీడియో షూటింగ్ దుకాణం, దాని ఎనుకనే ఇల్లు. మామ రాయమల్లు బొగ్గుబాయిల చేసిండు. ముందుగాలనే పని ఇడిసిపెడితే పైసలిస్తమన్నరని ఇడిసిపెట్టి, ఆ పైసలు కొడుకు చేతుల పోసి, ఏడాది తిరగకముందే పోయిండు. ఆ పైసలే ఈ కంప్యూటర్. రెండువేల ఒకటో సంవత్సరం అది. ఇంటింటికి సీడీ ప్లేయర్లు వస్తున్నయ్, క్యాసెట్లు అటకెక్కుతున్నయ్. పెండ్లిళ్ళు, బారసాలలు, ముసలోళ్ళ షష్టిపూర్తులు అన్నీ సంచులల్ల ఏసుకొని జనం మా దుకాణానికి వస్తుండిరి, సీడీల ఎక్కియ్యమని.

ఎక్కిచ్చుడు కష్టం కాదు. రంగులే కష్టం. పాత క్యాసెట్ల ఎర్రచీర అంచు దాటి పక్కకు కారుతది, వానకు తడిసిన కుంకుమ లెక్క. పెద్దలైట్ల కింద తీసినయైతే మనుషులంతా ఇటుకరంగు. మా ఆయన మౌస్ పట్టుకొని ఎరుపు కొంచెం దించి, నీలం కొంచెం ఎక్కిచ్చి, మల్ల దించి, మల్ల ఎక్కిచ్చి పొద్దంత అదే పని. నడుమ నడుమ నన్ను పిలుస్తడు. నేను రొట్టెలు చేసే చేతులతోనే వచ్చి నిలవడి చూస్త. "చీరలు చూడకు ప్రతిభా, మొఖం చూడు. మొఖం సక్కగుంటే అన్నీ సక్కగున్నట్టే" అంటడు. నిజమే. ఎవలి చీర ఏ రంగో మనకేం తెలుసు? మనిషి మొఖం ఎట్లుంటదో మాత్రం అందరికి తెలుసు.

ఒకనాడు మా అత్త గంగవ్వ ట్రంకుపెట్టె తీసి, అడుగుకెల్లి ఒక క్యాసెట్ తెచ్చి కొడుకు ముందట పెట్టింది.

"ఊరోళ్ళ పెండ్లిళ్ళన్నీ చేస్తున్నవ్. నా బిడ్డ పెండ్లి ఎప్పుడు చేస్తవ్ రా?" అన్నది.

అది సమ్మక్క పెండ్లి క్యాసెట్. సమ్మక్క మా ఆయన చెల్లె, నాకు ఆడబిడ్డ. గోండ్‌పిప్రి దగ్గర వ్యవసాయదారులకు ఇచ్చిండ్రు. నేను లక్కడ్‌కోట్ నుంచి ఈ ఇంటికి కోడలుగ వచ్చేటాల్లకే ఆమె అత్తగారింట్ల ఉండె, పండుగకు పబ్బానికి వచ్చినప్పుడు చూసిన. గలగల మాట్లాడేది. నా మాటల లక్కడ్‌కోట్ యాసను ఎక్కిరిచ్చేది, ఎక్కిరిచ్చి నా జడేసేది. ఒక వానకాలం నాట్లేస్తుంటే పాము కరిచింది. దవాఖానకు పోయేదాంక ఆగలే.

నేను పోలేదు చావుకు. మామకు జ్వరమొచ్చి మంచంల ఉంటే నేను ఇంటికాడ ఆగిన. అత్త, మా ఆయన పోయి వచ్చిండ్రు. పెండ్లిచీర కట్టి సాగదోలినం అని ఒక్క మాట చెప్పింది అత్త. ఇంకేం చెప్పలే, నేను అడగలే. అల్లుడు మల్ల పెండ్లి చేసుకున్నడు. ఫోటోల ఆల్బం అడిగితే దొరకుతలేదన్నరు ఆ ఇంటోళ్ళు. అత్తకు మిగిలింది బడిల దిగిన ఒక నలుపు తెలుపు ఫోటో, ఈ క్యాసెట్.

మా ఆయన క్యాసెట్ మీది అద్దం కండ్ల దగ్గర పెట్టుకొని చూసిండు. లోపల రీలు మీద తెల్లగ బూజు. డబ్బ ఇప్పి, స్పిరిట్‌ల ముంచిన దూదితోని తుడుచుకుంట రీలంతా చేతితోని తిప్పిండు. అన్నం తినమన్నా లేవలే. "ఒక్కసారి నడిస్తే చాలు" అన్నడు.

నడిచింది. తెర మీద మండపం వచ్చింది. పెండ్లిపిల్లకు అన్న గదా, కాళ్ళు కడుగుడు కాడ మా ఆయన ఉన్నడు, కెమెరా ఆయన దోస్తు ధనరాజ్ పట్టిండట. ఏం పట్టిండో ఏమో, పెద్దలైటు మొఖం మీదనే కొట్టిండు. అందరు ఇటుకబట్టీలకెల్లి లేచి వచ్చినట్టు ఉన్నరు. సమ్మక్క చీర మట్టిరంగు.

"గిదేంది? నా బిడ్డది వంకాయ రంగు చీర. బజారంత తిరిగి కొన్న" అన్నది అత్త.

"ఆగవే అవ్వా. నీ బిడ్డను తెస్త" అన్నడు మా ఆయన.

తెచ్చిండు. ఆ పొద్దు నాకు ఇప్పటికి కండ్లల్లనే ఉన్నది. ఎరుపు దించిండు, నీలం కొద్దిగ ఎక్కిచ్చిండు, వెలుతురు సవరిచ్చిండు. ఇటుకరంగు లోపటికెల్లి మెల్లగ మనిషి బయటికొచ్చింది. చామనచాయ మొఖం, ముక్కుపుల్ల, చెంపల మీద ఆరిన పసుపు. చీర లేత వంకాయ లెక్క నిగనిగలాడుతుంది. నా జడేసిన పిల్ల ఆ పిల్లనే. "గిట్లనే ఉంచు, ముట్టకు" అని అత్తను పిలిచిన.

అత్త వచ్చి, ముక్కు తెర అద్దానికి తగిలేటట్టు కూసున్నది. శానాసేపు చూసింది.

"పచ్చగుంది" అన్నది.

మా ఆయన మరాఠీ బడిల చదివిండు. తెలుగు మాట్లాడుడే గని, రంగుల పేర్లన్నీ ఆయనకు మరాఠీల వస్తయ్. పచ్చ అంటే హిర్వా అనుకొని ఆకుపచ్చను కిందికి గుంజిండు. మండపమంత గులాబిరంగైంది.

"బిడ్డకు గులాల్ పూసినవేందిరా?" అన్నది అత్త.

నేను నవ్వాపుకోలేక గోడ పట్టుకున్న. "అత్త చెప్పేది హిర్వా కాదయ్యా, పివ్ళా. ఆకుపచ్చ కాదు, పసుపుపచ్చ."

"మీ తెలుగుల రెండు రంగులకు ఒక్కటే మాటేంది?" అని నా మీదికి లేచిండు.

"మా తెలుగేంది, నీది కాదా?" అన్న. అత్త గూడ నవ్వింది. చెల్లె పోయినంక ఆ తల్లికొడుకులు ఒక్కకాడ కూసొని నవ్వుడు నేను చూసింది గప్పుడే. అందుకే ఆ పచ్చ మాట తలుసుకుంటే ఇప్పటికి నాకు నవ్వూ వస్తది, మనసూ పాడైతది. మాట అర్థం నేను సక్కగనే చెప్పిన. ఆమె కన్ను సంగతి అప్పటికి నాకు తెల్వదు.

మా ఆయన పసుపు దించి నీలం ఎక్కిచ్చిండు.

"ఇంక పచ్చనే ఉన్నది. కామెర్లొచ్చినట్టు. నలుగు నాడు పచ్చగుంటది గని, పీటల మీద గంత పచ్చగెందుకుంటది?"

ఇంకింత ఎక్కిచ్చిండు. మా కండ్ల ముందట సమ్మక్క నీలంబడుతుంది. పెదవులు నేరేడు పండ్లు తిన్నట్టైనయ్. చీర వంకాయ రంగు దాటి, సిరా ఒలికినట్టైంది.

"ఇగ చాలు గదా అత్తా?" అన్న.

"నువ్వు చూసినవా పెండ్లి?" అన్నది నా దిక్కు తిరగకుంటనే. "కన్నది నేను. ఆ చీర కుచ్చిళ్ళు పెట్టింది నేను."

నేను చూడలేదు గదా.

మా ఆయన మౌస్ ఇడిసిపెట్టిండు. లేచిపోయి కుండలకెల్లి నీళ్ళు ముంచుకొని తాగిండు. అక్కడనే గోడదిక్కు మొఖం పెట్టి నిలవడ్డడు.

"ఇంక వద్దే అవ్వా."

"ఇంకొంచెం బిడ్డా. దగ్గరికొచ్చింది."

వచ్చి కూసున్నడు. ఈసారి తెర దిక్కు చూడకుంట, తల్లి మొఖం చూసుకుంట నీలం ఎక్కిచ్చిండు.

"ఆఁ. గదీ" అన్నది అత్త. తెర మీద చెయ్యి పెట్టి సమ్మక్క చెంప నిమిరింది. "గదీ నా బిడ్డ."

ఆ తీరుగనే సీడీ అయింది. "అవ్వ కోసమే గదా. అవ్వకు నచ్చితే చాలు" అన్నడు మా ఆయన. "మనకు సక్కగ కనవడ్డట్టు ఇంకొకటి తీసి పెట్టరాదు?" అని నేనడిగిన. డిస్కుల జాగ లేదు, రేపటికి వేరేటోళ్ళ పెండ్లి ఎక్కియ్యాలె అన్నడు. నా ముందటనే సమ్మక్కను కంప్యూటర్‌ల నుంచి తుడిచేసిండు. అంత తొందరెందుకో నాకు సమజ్ గాలే. పనిల మునిగిండు అనుకున్న.

అటెన్క ఒక ఐతారం అత్త క్యాసెట్‌ను కొత్త రవికబట్టల చుట్టి, పసుపు కుంకుమ పెట్టి, "నడువు పిల్లా, ఇరై నది దాంక పోయొద్దాం" అన్నది.

"ఇదెందుకత్తా?"

"పోయినోళ్ళ వస్తువు ఇంట్ల ఉంచొద్దంటరు. చీరెలన్నీ ఇచ్చేసిన. దీన్నొక్కదాన్ని ఉంచినందుకు మీ మామతోని మాటపడ్డ, వాడకట్టోళ్ళతోని మాటపడ్డ. ఇగ బిడ్డ సీడీలకొచ్చింది. దీన్ని గంగల కలుపుత."

నాకు ఆ పని మంచిగనే కనవడ్డది. పట్టుకొని పట్టుకొని ఇన్నొద్దులకు ఇడుస్తుంది, మనసు తేలికైతదిలే అనుకున్న. ఇరైల ఎండకాలం నీళ్ళెక్కడియి? నడుమ ఒక పాయ, మోకాలు బంటి. అత్త ఒడ్డు మీద కూసుండి మొక్కింది, నేను నీళ్ళల్లకు దిగి ఇడిసిన. క్యాసెట్ మునుగుతలేదు. బొమ్మపడవ లెక్క తేలుకుంట నా కాళ్ళకాడికే వస్తుంది.

"అదుముకొని పట్టు" అన్నది అత్త.

అదిమి పట్టిన. లోపటికెల్లి బుడగలు వచ్చినయ్. బుడగలు ఆగేదాంక పట్టి, మీద ఒక రాయి పెట్టి వచ్చిన. తిరిగొచ్చేటప్పుడు చెరుకురసం తాగుదామన్నది అత్తనే. అల్లం ఎక్కువెయ్యమని బండోనితోని పంచాయితి పెట్టింది. మల్ల మనుషులల్ల పడ్డది అని సంబురపడ్డ.

సీడీ రోజు పెట్టుకునేది. పొద్దుగాల బువ్వ తిన్నంక ఒకసారి, మాపటేల దీపం పెట్టినంక ఒకసారి. వాడకట్టు ఆడోళ్ళు వచ్చి చూసి, "రంగు గిట్లెందుకున్నది?" అని నా చెవుల అడుగుతుండిరి. టీవీ పాతది అని చెప్పేది నేను.

మిరుగం కార్తె దగ్గరికొచ్చింది. మా ఆయన తెల్లంగీలు అత్తనే ఉతుకుతది, నన్ను ముట్టనియ్యది. ఆ నెలల అంగీలు ఒక్కొక్కటి నీలంబడుడు మొదలైంది. "అవ్వా, నీలిమందు ఎంత పోస్తున్నవే? దుకాణంల నన్ను చూసి నవ్వుతుండ్రు" అన్నడు మా ఆయన.

"ఎంత పోసినా తెల్లగైతలేవు బిడ్డా. పచ్చగనే ఉంటున్నయ్."

మా ఆయన చేతుల అంగీ పట్టుకొని అట్లనే నిలవడ్డడు. నేను గూడ నిలవడ్డ. ఇద్దరం ఒకళ్ళ మొఖం ఒకళ్ళు చూసుకోలే.

కండ్ల శిబిరం పెట్టిండ్రంటే తీసుకపోయినం. డాక్టరు లైటేసి చూసి మోతీబిందు, అంటే కంటిల శుక్లం అన్నడు. రెండు కండ్లల్ల పొర, పసుపుగ పడ్డది, శాన ఏండ్లకెల్లి పెరుగుతుంది అన్నడు. ముందు కుడికన్నుకు ఆపరేషన్ చేస్తం, దసరా అయినంక ఎడమది. "లోకమంత కొత్తగ కనవడ్తది, ఆజీ" అని మరాఠీల నవ్వుకుంట చెప్పిండు అత్తకు.

కట్టిప్పి, నల్లద్దాలు తీసేసిన రోజు వాన పడుతుండె. అత్త పడసాలల కూసొని ఒక్కొక్కటే చూస్తుంది, తిరునాళ్ళకొచ్చిన పిల్ల లెక్క.

"గోడకు నీలంసున్నం ఎప్పుడేసిండ్రు?"

"ఎవ్వలెయ్యలే అత్తా, తెల్లదే."

"నీ చీర గింత మంచిగుందా? బూడిదరంగనుకున్న గదనే." మల్ల తన చేతులు తిప్పి చూసుకున్నది. "ముసల్దాన్నైపోయిన గదా, నాకు చెప్పకపోతిరి."

నాకు నవ్వొచ్చింది. చాయ పెట్టిచ్చిన. తాగి, గ్లాసు కింద పెట్టి, "ఇగ బిడ్డను చూస్త. సీడీ పెట్టు పిల్లా" అన్నది.

పెట్టకుండ ఏం చెయ్యాలె? టీవీ ఖరాబైందందునా? ఎన్నొద్దులు? నేను సీడీ పెడుతుంటే మా ఆయన దుకాణంలకెల్లి ఉరికొచ్చిండు. "ఆగు" అన్నడు. అప్పటికే సన్నాయి మొదలైంది.

నేను టీవీ చూడలే. అత్తను చూసిన. ముందు నవ్వుమొఖంతోనే ఉండె. మెడ కొంచెం ముందటికి పెట్టింది. చేతులు ఒడిల పెట్టుకున్నది. ఏడుస్తదనుకున్న, ఏడ్వలే.

"వినాయక్" అన్నది. "గిట్లనే ఉండె గదరా."

మా ఆయన గడపకాడ నిలవడ్డడు.

"గోండ్‌పిప్రిల అరుగు మీద పండబెట్టినప్పుడు. గిదే చీర కట్టినం. మొఖం గిట్లనే నీలంగ ఉండె. పెదవులు గిట్లనే ఉండె."

"ఆఁ అవ్వా" అన్నడు.

గప్పుడు తెలిసింది నాకు. ఆ పొద్దు ఆయన మౌస్ ఇడిసిపెట్టి నీళ్ళు తాగింది ఎందుకో, గోడదిక్కు మొఖం పెట్టింది ఎందుకో, అంత తొందరగ తుడిచేసింది ఎందుకో. చెల్లె శవం చూసినోడు. తల్లి ఇంకొంచెం, ఇంకొంచెం అంటుంటే, పెండ్లిపిల్లను ఆ రంగుకు తెచ్చింది తన చేతులే. చెప్పుకోలేక మింగిండు. నాతోనన్న చెప్పేదుండె గదా. చెప్తే ఆ క్యాసెట్ నేను నీళ్ళల్ల ముంచేదాన్ని కాదు.

బంద్ చేద్దామని నేను లేచిన. "ఉండు" అన్నది అత్త. కుడిచెయ్యి ఎత్తి, కొత్తకన్ను మీద అరచెయ్యి మూసింది. పొర ఉన్న కన్నుతోని టీవీ దిక్కు చూసింది.

"ఇగో, ఉన్నది. ఎటు పోలే. నవ్వుతుంది చూడుండ్రి" అన్నది.

మా ఆయన ఆ సీడీని మల్ల కంప్యూటర్‌ల ఏసి వారం దినాలు కొట్లాడిండు. అంగీకి పట్టిన నీలి ఉతికితే పోతది. ఇది పోలే. నీలం దించితే సమ్మక్క మొఖం బూడిదైతది, ఇంక దించితే చతురస్రాలు చతురస్రాలుగ పగిలిపోతది. లేని రంగును ఎక్కడికెల్లి తెస్తం అన్నడు. ధనరాజ్‌ను అడిగిండు, ఆనాడు కెమెరాల పెట్టి తీసిన అసలు క్యాసెట్ మీద వేరే పెండ్లి తీసిన అన్నడట ఆయన. ఒకనాడు వానల ఇరై దాంక పోయొచ్చిండు. నది మట్టినీళ్ళతోని రెండొడ్లు ముట్టి పారుతుందట.

దసరా పోయింది. శిబిరపోళ్ళ కబురు వచ్చింది, రెండో కన్నుకు రమ్మని. అత్త రానన్నది. నేను బతిమాలిన, మా ఆయన కోపం చేసిండు, డాక్టరు ఫోన్ల భయపెట్టిండు. "పనికి ఒక కన్ను చాలు నాకు. దీన్ని ముట్టకుండ్రి" అన్నది.

ఆ ఎండకాలం తర్వాత మా ఆయన క్యాసెట్ల పని తీసుకోలే. ఎవలన్న తెస్తే వేరే దుకాణం చూపెట్టేది. కంప్యూటర్ అమ్మేసి కేబుల్ కనెక్షన్ల పనిల పడ్డడు. కూలర్ మనుషులకు వచ్చింది. నన్ను పిలిచి "మొఖం చూడు ప్రతిభా, సక్కగున్నదా?" అని మల్ల ఎన్నడు అడగలే. రొట్టెలు చేసుకుంట నేను ఆ పిలుపు కోసం ఇంక చెవిపెట్టి ఉంటుండె.

అత్త సీడీ చూసుడు మానలే. కొత్తకన్నుతోని బియ్యంల రాళ్ళేరేది, సూదిల దారం ఎక్కిచ్చేది, మా ఆయన అంగీలు తెల్లగ ఉతికేది. మాపటేల టీవీ ముందట కూసొని ఆ కన్నును మూసి, పాతకన్నుతోని బిడ్డను చూసుకునేది. పొర మాత్రం ఆగుతదా? ఏడాదికింత ముదిరింది. నల్లగుడ్డు మీద తెల్లగ మీగడ పేరినట్టైంది. నాకు కనవడుతుండె.

ఒక మాపు సీడీ పెట్టిచ్చుకొని, కుడికన్ను మూసుకొని, శానాసేపు కూసున్నది. సన్నాయి ఇనవడుతుంది.

"గిప్పుడేం చేస్తుంది పిల్లా?" అన్నది.

నేను వచ్చి పక్కకు కూసున్న. "తలంబ్రాలు పోస్తుందత్తా."

"నవ్వుతుందా?"

"నవ్వుతుంది."

"చీర ఎట్లుంది?"

తెర దిక్కు చూసిన. ఎప్పటి తీరుగనే ఉన్నది.

"వంకాయ రంగే అత్తా" అన్న.

"ఆఁ" అన్నది. మంచికన్ను మీది చెయ్యి తియ్యలే.